మా కారు కండెన్సరు: ఇంట చేయదగిన పని, చేయరాని పని

గృహకృత్యము లనగా వంట, వడ్డన, పిల్లల పెంపకము, పెద్దల సేవ అని మన తల్లులు మనకు నేర్పిరి. ఇప్పుడు రోలున్న చోట రుబ్బుడు యంత్రమును, ఉట్టి యున్న చోట ఫ్రిజ్జును, ఎడ్లబండి నిలిచిన వాకిట మోటారుకారును చేరినవి. ఇంటికి వచ్చిన వస్తువు ఏదైనను దాని గుణదోషములు ఇల్లాలికి కొంతయైనను తెలిసి యుండవలయును. తెలియనిచో అది మనకు సేవ చేయుట మాని మనచేతనే సేవ చేయించుకొనును. గడచిన వేసవిలో మా కారు శీతలయంత్రమున కండెన్సరు అను భాగము చెడిపోగా దానిని మా ముంగిటనే మార్చుకొంటిమి. ఆ పనిలో ఏది ఇంట చేయదగినదో, ఏది చేయరానిదో తెలిసికొంటిమి. కారు గల సోదరీమణులకు ఉపయోగపడునని ఆ సంగతులను ఇందు వ్రాయుచున్నాము.

మాది కడప జిల్లాలోని వేముల. పులివెందులకును వేంపల్లెకును నడుమ నున్న ఊరు. మా వారు ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులు. వేసవిలో ఈ సీమ యెండ 43 డిగ్రీలు దాటుట మాకు వింత గాదు. మా అత్తగారికి రెండేండ్లుగా మూత్రపిండముల వ్యాధి. సోమ, బుధ, శుక్రవారములందు వేంపల్లె మీదుగా కడపకు పోయి డయాలసిస్ చేయించుకొని రావలయును. ఒక్కొక్క మారు నాలుగు గంటలు పట్టును. ఈ వ్యాధి గలవారికి త్రాగు నీటికి కొలత కలదు. త్రాగిన నీరు బయటికి పోవు త్రోవ లేనందున, అది మితి మీరినచో ఊపిరితిత్తులలో చేరి ఆయాసమును గలిగించును. ఎండలో ప్రయాణము, గొంతు తడియారిపోవు దప్పి, చేతిలో నీరుండియు త్రాగరాని స్థితి! చూచువారికే కడుపు తరుగుకొని పోవును. కావున కారులోని చల్లదనము మాకు వేడుక గాదు. వారి కొరకే మా వారు ఎనిమిదేండ్లు వాడిన చిన్న కారును కొనిరి.

ఫాల్గుణము నాటికి ఆ చల్లదనము తగ్గినది. ఒక అంగడిలో చూపగా, గ్యాసు తగ్గినదని చెప్పి నింపి పంపిరి. మూడు వారములలో మరల వేడిగాలి వచ్చెను. మరల నింపిరి, మరల పోయెను. గ్యాసు ఎందువలన తగ్గుచున్నదో వెదకి చూచినవారు లేరు. అది పెట్రోలువలె ఖర్చగు వస్తువు గాదు. మూతబడిన గొట్టములలో తిరుగుచుండునది. ఒక్క నెలలో తగ్గినదనిన, ఎక్కడనో చిల్లి యున్నదనియే అర్థము. చిల్లికుండలో నీరు పోసి కూలి తీసికొనుట వంటిదే ఆ బేరము.

మా మరిది ఐటిఐలో మోటారు పని నేర్చి, ఇప్పుడు పరయూరిలో ఉద్యోగము చేయుచున్నాడు. సెలవులకు వచ్చి, చేతిదీపముతో కారు ముందుభాగమును పరికించెను. రేడియేటరుకు ముందు పలుచని జాలివలె నున్నదే కండెన్సరు. దాని క్రింది మూలలో అరచేయంత మేర నూనెచెమ్మయు, దానికి పట్టిన దుమ్మును కనబడెను. గ్యాసుతో కూడ కొంచెము ఆయిలు గొట్టములలో తిరుగును; గ్యాసు పోవు చోట ఆ ఆయిలు నిలిచి దుమ్మును పట్టుకొనును. వంటగ్యాసు గొట్టమునకు మనము సబ్బునీరు పూసి చూచునట్లే అతడును పూసి చూడగా బుడగలు లేచెను. మా ప్రాంతమున ముగ్గురాయి గనులు కలవు. రాళ్ల లారీల రాకపోకలు ఎక్కువ. వాని చక్రముల క్రింద నుండి యెగసిన రాయి యేదో తగిలి యుండునని అతని ఊహ.

ఇక్కడ కండెన్సరు చేయు పనిని మన వంటింటి మాటలలో చెప్పెదము. మట్టికుండలో నీరేల చల్లబడును? కుండకు పైకి ఊరిన చెమ్మ ఆవిరియై పోవుచు, కుండలోని వేడిని తనతో తీసికొని పోవును. ఇడ్లీపాత్ర మూత చేతికేల చుఱ్ఱుమనును? ఆవిరి మూతను తాకి నీటిబొట్టుగా మారునప్పుడు, తాను మోసికొని వచ్చిన వేడిని అచ్చట దించివేయును. ద్రవము ఆవిరియగునప్పుడు వేడిని తీసికొనును. ఆవిరి ద్రవమగునప్పుడు వేడిని విడుచును. కారు శీతలయంత్రమంతయు ఈ రెండు మాటలలోనే యున్నది. డాష్‌బోర్డు లోపలి జాలిలో గ్యాసు ద్రవరూపమున వచ్చి ఆవిరియై కారులోని వేడిని గైకొనును. ముందున్న కండెన్సరులో మరల ద్రవమై ఆ వేడిని బయటి గాలికి ఒప్పగించును. మొదటిది కుండ, రెండవది ఇడ్లీపాత్ర మూత.

బయట 43 డిగ్రీల యెండ యుండగా, చల్లని గ్యాసు తన వేడిని దానికెట్లు ఇయ్యగలదని మేము అడిగితిమి. మా వారు కుక్కరును చూపిరి. ఒత్తిడి పెరిగినప్పుడు నీరు 100 డిగ్రీలకు గాక, అంతకంటె ఎక్కువ వేడిమియందు మరుగును గదా! అట్లే ఈ గ్యాసు మామూలు ఒత్తిడిలో సున్నకు దిగువ 26 డిగ్రీలకే మరుగును గాని, కంప్రెసరు దానిని వాయుమండలపు ఒత్తిడికి పదునైదు రెట్లకు పైగా అదిమినచో 60 డిగ్రీల ప్రాంతమున గూడ ద్రవము గాగలదు. 60 డిగ్రీల వస్తువునకు 43 డిగ్రీల గాలి చల్లనిదే గదా! అందుచేతనే కండెన్సరునకు చిల్లి పడినను, దాని రేకుల నడుమ దుమ్ము పూడిపోయినను, వెనుకనున్న ఫ్యాను తిరుగకున్నను కారు చల్లబడదు. చల్లదనము ఎవ్వరును సృష్టింపలేరు. లోపలి వేడిని బయటికి మోయుటయే జరుగుచున్నది.

క్రొత్త కండెన్సరును కడప నుండి తెప్పించితిమి. 4,200 రూపాయలైనది. ఆదివారము ఉదయమే పని మొదలు పెట్టుదమని మరిది స్పానరులు తీసెను. అప్పుడొక చిక్కు వచ్చెను. యంత్రములో ఇంకను సుమారు సగము గ్యాసున్నది. అది యుండగా గొట్టము విప్పరాదు. అతడు మెల్లగా, "వదినా, ఒక్క బోల్టు వదులు చేస్తే రెండు నిమిషాల్లో గాలిలో కలిసిపోతుంది. రంగు లేదు, వాసన లేదు. అందరూ చేసేదే. ఈ రోజే బిగించేస్తే రేపు కడపలో గ్యాసు నింపించుకోవచ్చు. అమ్మ రేపు సాయంత్రమే చల్లగా ఇంటికి వస్తుంది" అనెను.

ఆ మాటలో దురాశ లేదు. తల్లిమీది ప్రేమయే కలదు. అట్లు చేయక, గ్యాసును వెలికి దీసి సీసాలో పట్టు యంత్రము గల కడప అంగడికి పోయితిమేని, సోమవారము పోవుటయు వచ్చుటయు, బుధవారము పోవుటయు ఎండలోనే జరుగవలయును. పెద్దావిడ మూడు ప్రయాణములు వేగవలయును. మా వారు వెంటనే ఏమియు చెప్పలేదు. మేమును చెప్పలేకపోతిమి.

ఆ గ్యాసు సంగతి మా వారు బడిలో పిల్లలకు చెప్పుచున్నదే. 1930 ప్రాంతము నుండి శీతలయంత్రములలో వాడబడిన గ్యాసు ఆర్-12 అనునది. అది అంటుకొనదు, విషము గాదు, కావున మిక్కిలి మంచిదని లోకమెల్ల మెచ్చెను. 1940 ప్రాంతమున అమెరికాలో కారులకు శీతలయంత్రములను అమర్చుట ఆరంభమైనది. పిమ్మట 1974లో మొలీనా, రోలండ్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు, ఇట్టి గ్యాసులు పైకెగసి, సూర్యుని తీక్ష్ణకిరణముల నుండి మనలను కాపాడు ఓజోను పొరను తినివేయునని చెప్పిరి. 1985లో దక్షిణ ధ్రువముపై ఆ పొర పలుచబడినట్లు ప్రకటింపబడెను. 1987లో మాంట్రియల్ నగరమున అనేక దేశములు ఒడంబడిక చేసికొనెను. 1992లో మన దేశమును అందు చేరెను. ఆర్-12 స్థానమున ఆర్-134ఎ అనునది వచ్చెను. మా కారులోనిది అదియే.

ఇది ఓజోనును చెరుపదు. కాని భూమిని వెచ్చజేయుటలో ఇది, నూరేండ్ల లెక్కన, బొగ్గుపులుసు గాలికంటె సుమారు 1,400 రెట్లు బలము గలది. అందుచేత దీనిని గూడ క్రమముగా తగ్గించుటకు 2016లో కిగాలి నగరమున మరియొక ఒప్పందము జరిగెను. 2021లో మన దేశము దానిని ఆమోదించెను. చిన్న కారులో పట్టు గ్యాసు 400 గ్రాములనుకొన్నచో, అంతయు గాలిలో వదలుట దాదాపు 560 కిలోల బొగ్గుపులుసు గాలిని వదలుటతో సమానము. లీటరు పెట్రోలు కాలిన 2.3 కిలోలు వచ్చును. అనగా సుమారు 240 లీటర్ల పెట్రోలు కాల్చినట్లు! ఆ పెట్రోలుతో వేముల నుండి కాశికి కారులో పోయి తిరిగి రావచ్చును. మాకు మిగిలినది సగమే గావున, కాశికి పోవుటకు మాత్రము చాలును. అంతకు ముందు రెండు మారులు నింపించినది మా రూకలతో గూడ నదివఱకే గాలిలో గలసిపోయినది.

క్షీరసాగరమును చిలికినప్పుడు పుట్టిన విషమును పారవేయుటకు చోటు దొరకక శివుడు కంఠమున నిలుపుకొన్న కథ మన మందరము విన్నదే. ఈ గ్యాసు విషము గాదు. కాని పారవేయుటకు చోటు లేని దగుటయందు దానివంటిదే. మన వాకిట వదలినది మన వాకిటనే యుండదు. ఏ వేడికి మా అత్తగారు తాళలేకున్నారో, ఆ వేడినే మరికొంత పెంచి, పేరు తెలియని ఇంటి అత్తగారికి పంపినట్లగును.

మా మాటలు లోపలి మంచము మీదనున్న అత్తగారు వినుచునే యుండిరి. వారికి ఓజోను తెలియదు, కిగాలి తెలియదు. మా వారు రెండు మాటలలో సంగతి చెప్పిరి. వారు కొంతసేపు ఊరకుండి, "నాకు గుటకలు లెక్కబెట్టి ఇస్తారు కదమ్మా. దానికీ ఒక లెక్క ఉండొద్దూ? రెండు రోజులు నేను ఓర్చుకుంటా. పద్ధతిగానే చెయ్యండి" అనిరి. మరిది స్పానరును క్రింద పెట్టెను.

సోమవారము తెల్లవారక మునుపే బయలుదేరితిమి. పోవునప్పుడు బాధ లేదు. తిరిగి వచ్చునప్పుడు మిట్టమధ్యాహ్నము. కిటికీలకు తడిబట్టలు కట్టి, మెడకు తడిగుడ్డ చుట్టి, వైద్యులు చెప్పిన కొలత మీరకుండ చిన్న మంచుముక్కలను నోటికందించుచు వచ్చితిమి. వేంపల్లె దాటువఱకు వారు కన్నులు తెరువలేదు. ఆ ప్రయాణమును సులువుగా జరిగినదని వ్రాయుట అసత్యమగును. అత్తగారికి డయాలసిస్ జరుగుచుండిన వేళలోనే అంగడివారు గ్యాసును యంత్రముతో లాగి సీసాలోనికి పట్టిరి. శుద్ధి చేసి దానినే మరల వాడవచ్చునట.

మంగళవారము ఇంట పని జరిగెను. వేపచెట్టు నీడలో కారు నిలిపి, ముందుగా బ్యాటరీ తీగను విప్పితిమి. ఫ్యాను తనంతట తిరిగి వేళ్లు తెగకుండుటకు ఇది ముఖ్యము. కండ్లకు అద్దములు, చేతులకు తొడుగులు పెట్టుకొంటిమి. గొట్టములలో కొంచెము గ్యాసు మిగిలి యుండి కంటికి తగిలినచో చూపునకే ముప్పు. పొయ్యి గాని, బీడీ గాని దగ్గరకు రానీయలేదు. ఈ గ్యాసు మంటలో కాలినచో విషవాయువులు పుట్టును.

బంపరు విప్పినకొలది బోల్టులు, క్లిప్పులు చేతికి వచ్చెను. వానిని పాత పోపులపెట్టె గిన్నెలలో, ఏ చోటివి ఆ గిన్నెలో వేసి, కాగితపు గుర్తు లుంచితిమి. ఆ పని మాది. మరిది నవ్వి, తన గురువులకు గూడ ఈ యుపాయము తోచలేదనెను. గొట్టములు రెండు: లావుదానిలో వేడి గ్యాసు వచ్చును, సన్నదానిలో ద్రవము పోవును. వానిని విప్పగానే శుభ్రమైన ప్లాస్టిక్ కాగితము చుట్టి రబ్బరు పట్టీలు వేసితిమి. గాలిలోని తేమ లోపలికి పోయినచో ఆయిలుతో గలసి లోహమును తినివేయును. సన్నని వాల్వులో మంచుగట్టి త్రోవను మూయును.

పాతదానిని, క్రొత్తదానిని ప్రక్క ప్రక్కన పెట్టి, రంధ్రమునకు రంధ్రము, కొక్కెమునకు కొక్కెము సరిచూచిన పిమ్మట గాని మూతలు తీయలేదు. గొట్టపు కీళ్లలోని రబ్బరు ఓ-రింగులు పాతవి వాడరాదు. క్రొత్తవానికి ఆ యంత్రమునకు తగిన ఆయిలునే పూసి తొడిగితిమి; వంటనూనె గాని, ఇంజను ఆయిలు గాని పనికిరాదు. పాత కండెన్సరులో నిలిచిపోయిన ఆయిలునకు బదులుగా పుస్తకములో చెప్పిన కొలత ప్రకారము క్రొత్తదానిలో పోసితిమి. తేమను పీల్చు డ్రయ్యరు అను చిన్న బుడ్డిని గూడ మార్చి, దాని మూతను కట్టకడపట తీసితిమి. ఉప్పుజాడీ మూత వానకాలమున తెరచి యుంచనట్లే. బోల్టులను బలముకొలది బిగింపరాదు. అల్యూమినియము మెత్తనిది, మర అరిగినచో క్రొత్త వస్తువే పాడగును. మధ్యాహ్న భోజనము వేళకు పని ముగిసెను.

అంతటితో కారు చల్లబడదు. మిగిలిన సగము పని ఇంట చేయరానిది. బుధవారము కడపలో వాక్యూమ్ పంపుతో అరగంటకు పైగా లోపలి గాలినంతయు లాగివేసిరి. గాలి లేని చోట నీరు మామూలు వేడిమిలోనే ఆవిరియగును గావున, లోపల తేమ యున్నను ఇట్లు వెడలిపోవును. పిమ్మట పంపు నాపి ముల్లును కనిపెట్టిరి. అది కదలకున్నచో చిల్లి లేదని సాక్ష్యము. ముల్లు కదలలేదు. అప్పుడు కారు మూతక్రింది చీటీలో వ్రాసిన బరువు చూచి, అంతే గ్యాసును త్రాసుతో తూచి నింపిరి. తక్కువైనను చల్లబడదు, ఎక్కువైనను చల్లబడదు. అత్తగారి నీటి లెక్కయే దానికిని.

ఆ మధ్యాహ్నము తిరిగి వచ్చునప్పుడు బయట 42 డిగ్రీలు. గాలి వచ్చు చోట మేము పెట్టిన ఉష్ణమాపకమున 12 డిగ్రీలు. అత్తగారు కొంగు భుజముల మీదికి లాగికొని, "కొంచెం తగ్గించండయ్యా, చలేస్తోంది" అనిరి. మరిది ముఖము చూడవలసినదే.

సోదరీమణులారా! ఈ పనిని మీ యింటను చేయించుకొన దలచినచో కొన్ని మాటలు మనసున నుంచుకొనుడు. కారు మూతక్రింది చీటీని ముందు చదువుడు. ఇటీవలి కారులు కొన్నింటిలో ఆర్-1234వైఎఫ్ అను వేరు గ్యాసుండును; అది కొంచెము అంటుకొను స్వభావము గలది; ఒకదానికి బదులు మరొకటి నింపరాదు. విద్యుత్తుతో నడచు కారులలో ఈ పనిని ఇంట ముట్టనే రాదు. వానియందలి విద్యుత్తు ప్రాణాంతకము. వాహనపు పని కొంతయైన ఎరిగినవారు తోడు లేనిచో, పాత కారునందును బంపరు విప్పవలదు. కండెన్సరు చెడకుండుటకు వారమున కొకమారు ఎదుటి జాలిపై నీటిని మెల్లగా పోసి దుమ్ము కడుగుడు; బలమైన ధార కొట్టినచో పలుచని రేకులు వంగును. రాళ్ల లారీ వెనుక దగ్గరగా పోవలదని బండి నడుపువారికి చెప్పుడు.

గ్యాసు నింపు అంగడివారిని మూడు ప్రశ్న లడుగుడు. చిల్లి యెక్కడ నున్నదో చూచితిరా? మిగిలిన గ్యాసును సీసాలోనికి పట్టు యంత్రము మీయొద్ద నున్నదా? నింపు గ్యాసును త్రాసుతో తూచెదరా? ఈ మూటికిని అవునని చెప్పు అంగడి కొంత దూరమైనను అచ్చటికే పోవుడు. కూరగాయల అంగడిలో తూకమును కనిపెట్టు కన్నులే మనకిక్కడను చాలును.